తోడు చెయ్యి

దాలయ్య మణికట్టుకి కట్టిన పట్టీ పచ్చగా వెలిగింది.

సామాజిక భవనంలో కూర్చున్న జనమంతా చప్పట్లు కొట్టారు. దాలయ్య కూడా కొట్టాడు. ఆయన పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచి ఉన్నాయి. కళ్ల కింద ఉబ్బు. పొద్దున్న తిన్న గంజి కడుపులో నిలవలేదు. ఇవన్నీ కళ్ల ముందు కనబడుతున్నా, యంత్రం పచ్చ అంది కాబట్టి ఊరు కూడా పచ్చే అంది.

"సూసినావేటే గున్నమ్మా! నాకేటీ నేదంట. ఎండకి వాసినాయి కాళ్లు, అంతే" అన్నాడు పెళ్లాంతో.

జీలుగుపుట్టుగ గ్రామంలో ఆ రోజు పట్టీ కట్టించుకున్న వాళ్లందరికీ పచ్చే వెలిగింది. ఎర్ర దీపం ఒక్కటీ లేదు. ఏటా పదిమందిని పాడె మీద పంపే ఊరది. పక్క మండలాల వాళ్లు పిల్లనివ్వడానికే జంకే ఊరు. అలాంటి ఊళ్లో జబ్బే లేదని నాలుగు దేశాలు కలిసి చేసిన యంత్రం తేల్చేసింది. ఎవరికి ఆనందంగా ఉండదు?

యంత్రం పక్కన నిలబడ్డ డాక్టర్ తామాడ నీలవేణికి మాత్రం లేదు. భారతదేశం తరఫున ఈ పరిశోధనకి పెద్ద ఆవిడే. దాలయ్య ఆవిడకి సొంత చిన్నాన్న. ఇంటర్ దాకా ఈ ఊరి బోరునీళ్లే తాగి పెరిగింది. ఆవిడ చప్పట్లు కొట్టలేదు, తల కూడా ఎత్తలేదు.

శ్రీలంక తరఫున వచ్చిన డాక్టర్ చందిమ దాలయ్య పాదాలకేసి చూస్తున్నాడు.

"ఆ వాపు నాకు తెలుసు. మా నాన్నకీ ఇలాగే ఉండేది" అన్నాడు ఇంగ్లిషులో, మెల్లగా. "నీలవేణీ, యంత్రం ఎందుకు తప్పు చెబుతోంది?"

"చూడాలి" అంది నీలవేణి. చూడక్కర్లేదు. ఆవిడకి తెలుసు.

ఇక్కడ పాఠకులకి ఆ పట్టీ సంగతి కొంచెం చెప్పాలి. పొలాల్లో, తోటల్లో ఎండకి ఒళ్లొంచే వాళ్లకి మూత్రపిండాలు పాడయ్యే జబ్బొకటి ఉంది. కారణం ఇదీ అని ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. భారత్, శ్రీలంక, నికరాగువా, ఎల్ సాల్వడార్ నాలుగూ కలిసి ఒక ఒడంబడిక రాసుకున్నాయి: ఆరోగ్య డేటా పంచుకుందాం, యంత్రం ఒకటే చేద్దాం, మందు అందరం పంచుకుందాం అని. ఆ యంత్రమే ఈ చెమటపట్టీ. మూత్రపిండాలు అలసిపోవడం మొదలవగానే చెమటలో కొన్ని రసాయనాల పాళ్లు మారతాయి. కాళ్లు వాచేదాకా ఆగక్కర్లేదు, కొన్నేళ్ల ముందే పట్టీలోని సెన్సర్ ఆ మార్పుని చదివేస్తుంది.

అయితే చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. ఒక్కో చోట నీళ్లు వేరు, తిండి వేరు, ఎండ వేరు. ఒకచోట జబ్బుకి గుర్తయిన చెమట ఇంకోచోట ఉత్త ఎండకి గుర్తు కావచ్చు. అందుకని యంత్రానికి ఏ ప్రాంతానికి ఆ ప్రాంతంలోనే పాఠం చెప్పాలి. ముందు ఒక మనిషి చెమట చూపించాలి. తరవాత అదే మనిషి రక్తం పరీక్ష చేసి, మూత్రపిండాలు బాగున్నాయో లేదో చెప్పాలి. రెండూ జత చేసుకుని యంత్రం నేర్చుకుంటుంది. చంటిపిల్లకి ఆవుని చూపించి ఆవు అని చెబుతామే, అలాగన్నమాట. ఆవుని చూపించి గుర్రం అని చెబితే అది జన్మంతా గుర్రమనే అంటుంది, దాని తప్పేముంది?

జీలుగుపుట్టుగ చేసిన పని సరిగ్గా అదే.

చెమట ఇవ్వడానికి ఎవరూ పేచీ పెట్టలేదు. నెల రోజులు పట్టీ కట్టుకుని జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేశారు. చెమటలో పరువు పోయేదేముంది? రక్తపరీక్ష అనేసరికి ఊరికి గుబులు పట్టుకుంది. రక్తం ఇస్తే జబ్బు బయటపడుతుంది. అది దేశాలు దాటి పోతుంది. రేపు పెళ్లిసంబంధాల వాళ్లు ఫోన్‌లో నొక్కి చూసుకుంటారు. పేర్లు సరిహద్దు దాటవనీ, కార్డు మీద నంబరు తప్ప ఏమీ ఉండదనీ, ఎవరి మొహమూ ఎవరూ చూడరనీ ఒడంబడికలో రాశారు. రోగుల గౌరవం కాపాడటానికి నాలుగు దేశాల లాయర్లు కూర్చుని పెట్టిన నియమం అది. మన వాళ్లకి అదే సందు దొరికింది.

ఇంటికి పెద్ద చుట్టాలొస్తున్నారంటే పక్కింటి నుంచి కుర్చీలు, కంచాలు ఎరువు తెచ్చుకోవడం మనకి అలవాటే గదా. ఈ ఊరు మనుషుల్నే ఎరువు తెచ్చుకుంది. జబ్బులేని కొండపక్క ఊళ్ల నుంచి బావమరుదులు, మేనల్లుళ్లు, వియ్యంకులు దిగారు. ఎవరి కార్డు పట్టుకుని వాళ్లు వరసలో కూర్చుని చెయ్యి చాపారు. దాలయ్య కార్డు మీద గున్నమ్మ అన్న కొడుకు సింహాద్రి రక్తమిచ్చాడు. దాలయ్య కొడుకు గోవర్ధన్ కార్డు మీద సింహాద్రి తమ్ముడు ఇచ్చాడు.

ఆ రోజు నీలవేణి అక్కడే ఉంది. సింహాద్రిని చూడగానే గుర్తుపట్టింది. చిన్నాన్నని పక్కకి పిలిచి నిలదీసింది కూడా.

"నీకు దండం పెడతాను ఊరుకోయే" అన్నాడు దాలయ్య. "ఇంటి గుట్టు లంకకి సేటని పెద్దోల్లు ఊరికే అన్నారేటి? గుంటడికి పెల్లి సెయ్యాల. ఇయ్యాల నా రక్తం సూపిత్తే రేపు ఆడికి పిల్లనెవుడిత్తాడు?"

నీలవేణి ఊరుకుంది. చిన్నాన్న బతిమాలాడని ఊరుకుందా? ఆ రోజు విదేశీ బృందం ముందు మన ఊరి ఫలితాలు అంత శుభ్రంగా కనబడుతుంటే లోపల్లోపల ఆవిడకీ ఒక ఊరట కలిగిందా? రెండూ నిజమే. రెండోది ఆవిడ తనతో తను కూడా అనుకోలేదు.

యంత్రం పాఠం బుద్ధిగా నేర్చుకుంది. ఈ ప్రాంతంలో ఇలాంటి చెమట పోసే మనిషికి మూత్రపిండాలు భేషుగ్గా ఉంటాయని.

ఆ మధ్యాహ్నం గెస్ట్‌హౌస్ వరండాలో నీలవేణి చందిమకి అంతా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ గచ్చుకేసే చూస్తూ చెప్పింది. చందిమ కోప్పడితే బాగుండుననిపించింది. అతను కోప్పడలేదు.

"మందు సంగతి తెలుసు కదా" అన్నాడు చివరికి.

తెలుసు. ఆ మాత్రలు జబ్బు లక్షణాలు బయటపడక ముందు మొదలుపెడితేనే పనిచేస్తాయి. తయారయ్యేవి తక్కువ. అందుకని ఎక్కడ ఎన్ని ఎర్ర దీపాలు వెలిగితే అక్కడికి అన్ని కోర్సులు పంపాలని ఒడంబడిక. జీలుగుపుట్టుగలో ఎర్ర దీపం లేదు. కాబట్టి మందూ లేదు.

"చిన్నాన్నకి ఎలాగూ సమయం దాటిపోయింది" అంది నీలవేణి. "గోవర్ధన్‌కి ఇరవయ్యారేళ్లు. ఇప్పుడిప్పుడే వాడికి..." ఆ మాట పూర్తిచెయ్యలేకపోయింది.

చందిమ పట్టీ ఒకటి చేతిలోకి తీసుకుని సెట్టింగ్ మార్చాడు. ప్రాంతం: శ్రీలంక, ఉత్తర మధ్య మండలం. "మా కుంబుక్‌వెవ ఊరి నేలా నీళ్లూ మీ వాటికి దగ్గర. ఎండ కూడా అంతే. పిలవండి అతన్ని."

గోవర్ధన్ వచ్చాడు. నిండుగా నవ్వే మనిషి. కొబ్బరిచెట్లెక్కి కాయ దించడం వాడి పని. పట్టీ కట్టారు. ఎర్రగా వెలిగింది.

వాడు మణికట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అప్పా, ఇంతకు ముందు పచ్చ వచ్చినాది గదా?" అన్నాడు గోవర్ధన్ అక్కకేసి చూస్తూ.

"అప్పుడు నువ్వు ఇండియాలో ఉన్నావురా" అంది నీలవేణి. అని, తన మాటకి తనకే ఏడుపొచ్చింది.

పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేసి యంత్రానికి కొత్తగా పాఠం చెప్పాలంటే రెండేళ్లు పడుతుంది. గోవర్ధన్‌కి అంత గడువు లేదు. దారి ఒక్కటే. కుంబుక్‌వెవ వాళ్లు తమ వాటాలోంచి ఒక కోర్సు ఇవ్వచ్చు. దానికి అక్కడి గ్రామసభ ఒప్పుకోవాలి. మందు పుచ్చుకునే మనిషి వాళ్ల ఎదుట స్క్రీన్‌లో కనబడాలి.

"మీ వాళ్లు రక్తం ఎలా ఇచ్చారు?" అని అడిగింది నీలవేణి.

"ఎవరి రక్తం వాళ్లే ఇచ్చారు" అన్నాడు చందిమ. గొప్పకి అన్న మాట కాదది. అందుకే ఆవిడకి మరీ తలకొట్టేసినట్టయింది.

నాలుగు దేశాల కమిటీకి పంపిన నివేదికలో చందిమ 'స్థానిక సర్దుబాటు లోపం' అని రాశాడు. అంతకంటే వివరం రాయలేదు. విధాన భాషకి ఈ సుఖం ఒకటుంది, అందులో ఏ మనిషీ కనబడడు. నీలవేణి సంతకం పెట్టింది.

కుంబుక్‌వెవ సభ ఆదివారం ఉదయానికి కుదిరింది. మన ఖర్మ కొద్దీ ఆ ఉదయమే ఇచ్ఛాపురం వైపు నుంచి గోవర్ధన్‌ని చూసుకోవడానికి పెళ్లివారు దిగారు. పచ్చ దీపం కబురు విని వచ్చిన వాళ్లు. సామాజిక భవనంలో పెద్ద స్క్రీన్, జనం, హడావిడి చూసి ఏమిటిదని అడిగారు.

"మన ఊరికి సన్మానం అండి. శ్రీలంకోల్లు సేత్తన్నారు" అన్నాడు దాలయ్య. వాచిన కాళ్లు కనబడకుండా పంచె కిందికి దించుకుని మొదటి వరసలో వాళ్ల పక్కనే కూర్చున్నాడు.

స్క్రీన్ వెలిగింది. అవతల పెంకుల పాకలో వందమంది దాకా ఉన్నారు. మధ్యలో సోమావతి అనే పెద్దావిడ. వరి పండించే మనిషి, సభకి ఆవిడే అధ్యక్షురాలు. ఆవిడ సింహళంలో మాట్లాడితే ఇటు నీలవేణి పక్కనున్న చందిమ ఇంగ్లిషులోకి మారుస్తాడు, నీలవేణి తెలుగులో చెప్పాలి.

"మందు పుచ్చుకునే అబ్బాయిని ఒకసారి చూస్తామంటున్నారు" అంది నీలవేణి.

గోవర్ధన్ లేవబోయాడు. దాలయ్య వాడి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి, ఇటుపక్కనున్న సింహాద్రిని మోచేత్తో పొడిచాడు. "నువ్వెల్లు."

"నానేటి మావా?"

"ఓరి, మొకం సూపించి రారా. నీకు పెల్లయిపోనాది, నీకొచ్చిన నష్టమేటి? మందు ఆడే మింగుతాడు." గొంతు తగ్గించే అన్నాడు గానీ నీలవేణికి వినబడింది.

సింహాద్రి వెళ్లి కెమెరా ముందు కూర్చున్నాడు. నీలవేణి నోరు తెరిచింది. ముందు వరసలో పెళ్లివారు కనబడ్డారు. నోరు మూసుకుంది. రెండోసారి అదే పని.

సోమావతి అతన్ని తేరిపార చూసింది. తరవాత చెయ్యి చూపించమంది. ఈ సంగతి దాలయ్య అనుకోలేదు. సింహాద్రి బిక్కమొహం వేసుకుని చెయ్యి చాపాడు. నీలవేణి సహాయకురాలు లంక సెట్టింగ్‌తో పట్టీ కట్టింది. నిక్షేపంలాంటి మనిషి. పచ్చగా వెలిగింది.

అవతల పాకలో గుసగుసలు. అంతలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. సోమావతి మొహమంతా నవ్వింది. "బాగున్నావు నాయనా! ఇంకేం కావాలి? నీకు మందెందుకు, చల్లగా ఉండు. దీన్ని ఇంకెవరికైనా పంపుతాం" అంది. పరాయి ఊరి కుర్రాడికి జబ్బు లేదని ఆవిడకి అంత సంతోషం. ఆ మాటల్ని నీలవేణి తెలుగులోకి తేవాలి. ఆవిడ గోవర్ధన్ వంక చూసింది.

అప్పుడు గోవర్ధన్ తండ్రి చెయ్యి విడిపించుకుని లేచాడు.

"కూకోరా" అన్నాడు దాలయ్య. కసిరినట్టు లేదు, బతిమాలినట్టుంది. "ఆళ్లు సూత్తన్నారు నాయనా."

"సూడనీ అయ్యా. సచ్చిపోతే సూడరేటి?"

వెళ్లి సింహాద్రి పక్కన నిలబడి చెయ్యి చాపాడు. పట్టీ ఎర్రగా వెలిగింది. ఆ ఎరుపు పెద్ద స్క్రీన్ మీద, ఎదురుగా కూర్చున్న పెళ్లివారి మొహాల మీద కూడా పడింది. వాళ్లు మర్యాదస్థులు. మజ్జిగ తాగి, కబురు చేస్తామని చెప్పి, లేచి వెళ్లిపోయారు.

సోమావతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తరవాత ఒక ప్రశ్న అడిగింది. చందిమ దాన్ని ఇంగ్లిషులోకి మార్చకుండా కాస్త ఆగాడు.

"మొదట చెయ్యి చూపించిన అబ్బాయి ఎవరని అడుగుతున్నారు" అంది నీలవేణి, అతను చెప్పాక.

"బావ" అన్నాడు గోవర్ధన్.

ఆవిడ కళ్లు చెమర్చాయి. పక్కవాళ్లకి ఏదో చెప్పింది, వాళ్లు తలలూపారు. చందిమ అనువాదం చేస్తుంటే అతని మొహం కందిపోయింది. "ఆవిడ అంటున్నారూ... రోగి సిగ్గుపడకూడదని, చుట్టం ముందొచ్చి తన చెయ్యి చాపాడు. ఎంత మంచి ఆచారం. మా ఊళ్లో ఒక్కొక్కరూ ఒంటరిగా వచ్చి, ఎర్ర దీపం చూసి, ఒంటరిగా ఏడ్చి వెళ్లారు. మాకు ఇది తోచనే లేదు. మీ దగ్గర నేర్చుకుంటాం. మందు పంపుతున్నాం."

నీలవేణి ఆ మాటలు తెలుగులో చెప్పింది. భూమి విచ్చుకుంటే అందులోకి దిగిపోదామనిపించింది ఆవిడకి. దాలయ్య మాత్రం మెల్లగా నడుం నిటారు చేసుకున్నాడు.

"అవునమ్మా" అన్నాడు స్క్రీన్‌కి దండం పెడుతూ. "మా పెద్దోల్ల కాలం నుండీ ఉన్నాది."

మందు వచ్చింది. గోవర్ధన్ మింగుతున్నాడు. ఇంకా చెట్లెక్కుతున్నాడు. కథ ఇక్కడ ఆపితే నాకూ బాగుండేది.

కాని మంచి ఆచారం ఊరుకోదు, విధానమై కూర్చుంటుంది. కుంబుక్‌వెవ వాళ్లు దాన్ని పాటించడం మొదలుపెట్టారు. అక్కడ ఆరోగ్యంగా ఉన్న అన్నలు, అక్కలు, ఇరుగుపొరుగులు రోగితో కలిసి వచ్చి ముందు తమ చెయ్యి చాపారు. భయపడి దాక్కున్న వాళ్లు కూడా ఇళ్లలోంచి కదిలారు. నికరాగువా వాళ్లు విని ముచ్చటపడ్డారు. కమిటీ దానికి 'తోడు చెయ్యి' అని పేరుపెట్టి నాలుగు దేశాల ప్రోటోకాల్‌లో చేర్చింది. తెలుగు గ్రామీణ సంస్కృతి ప్రపంచానికిచ్చిన కానుక అని ఒక సభలో ఎవరో అన్నారు. నీలవేణికి శాలువా కప్పారు. వద్దనాలంటే ఎందుకో చెప్పాలి. కప్పించుకుంది. చందిమ ఆ సభలోనే ఉన్నాడు, ఎదురుపడకుండా వెళ్లిపోయాడు.

ఆ ప్రోటోకాల్ ప్రకారం జీలుగుపుట్టుగలో రెండో రక్తపరీక్ష జరిగింది. ఈసారి మొహాలు దాచే నియమం తీసేశారు. యంత్రానికి సరిగ్గా పాఠం చెప్పాల్సిన రోజిది. ఇది తప్పితే ఊరికి మందు లేదు.

పొద్దున్నుంచీ జనం బారులు తీరారు. ఇస్త్రీ చొక్కాలు, నూనె రాసి దువ్విన తలలు. మొదటి మనిషి లోపలికొచ్చి చెయ్యి చాపాడు. పచ్చ.

"మీరు?" అని అడిగింది కొత్తగా వచ్చిన నర్సు.

"తోడు అండి."

"రోగి ఏరీ?"

"ఎనకాల వత్తన్నాడండి. తమరు మొదలెట్టండి."

తరవాతి మనిషీ తోడే. ఆ తరవాతి మనిషీ తోడే. ఆ ఊరి మనిషి ఒక్కడూ రాలేదు. వరసంతా కొండపక్క ఊళ్ల చుట్టాలే. మొదటిసారి దొంగచాటుగా వచ్చారు, ఈసారి నాలుగు దేశాల నియమం ప్రకారం వచ్చారు. గుమ్మం దగ్గర సింహాద్రి నీలవేణిని చూసి మొహమాటంగా నవ్వాడు.

పదకొండు దాటాక గోవర్ధన్ వచ్చాడు, ఒక్కడే. మందు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి, తన రక్తం తనే ఇవ్వడానికి. నర్సు తెరమీద ఏదో నొక్కి తల అడ్డంగా ఊపింది.

"తోడు లేకుండా తీసుకోకూడదండీ. సిస్టమ్ ముందుకెళ్లదు."

"బయట ఇంతమంది తోడున్నారు గదమ్మా" అన్నాడు గోవర్ధన్.

"వాళ్లు వేరే కార్డుల తోడండీ. మీ తోడు కావాలి."

"నాకెవులూ వద్దు. నాను వచ్చినాను గదా."

"అలా కుదరదండీ."

గోవర్ధన్ నీలవేణికేసి చూశాడు. ఆవిడ లేచి వచ్చి వాడి పక్కన కుర్చీలో కూర్చుంది. "నేను తోడు. రాసుకో" అని చెయ్యి చాపింది. ఇన్నేళ్లలో ఎన్ని వేల చేతులకి ఆ పట్టీ కట్టిందో లెక్కలేదు. తన చేతికి ఒక్కసారీ కట్టుకోలేదు. తీరిక దొరకలేదని అనుకునేది.

నర్సు పట్టీ కట్టింది. లంక సెట్టింగే ఉంది దానికి. ఎర్రగా వెలిగింది.

ఆలోచించేలోపే నీలవేణి రెండో చెయ్యి కదిలింది. చీర కొంగు లాగి మణికట్టు మీద కప్పేసింది. గోవర్ధన్ చూశాడు. నర్సూ చూసింది. గుమ్మం దగ్గరున్న తోడు మనుషులు లోపలికి తొంగిచూస్తున్నారు. పల్చటి నూలుచీర, కొంగులోంచి ఎరుపు కనబడుతూనే ఉంది.

నర్సు చిన్నపిల్ల, నియమం తప్ప ఇంకేమీ తెలియదు. గొంతు తగ్గించి, మర్యాదగానే అడిగింది.

"మేడమ్, మీకు తోడు ఎవరొస్తారు?"